ముందుకు నడిచిన నీడ



మొన్న వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఓ చిన్న తగాదా జరిగింది. ఆస్తి తగాదా కాదు. సినిమా తగాదా. మా మేనమామకి డెబ్బై రెండేళ్లు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇద్దరూ కూచుని ల్యాప్‌టాప్‌లో ఒక పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నారు. మెకన్నాస్ గోల్డ్. ఆ పేరు వినగానే మీలో కొంతమంది రేడియో సౌండు పెంచి ఉంటారు. నాకు తెలుసు. యాభై దాటిన సినిమా పిచ్చోళ్లలో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ.

సినిమా చివరికొచ్చింది. తెల్లవారుతోంది. ఎడారి. మధ్యలో ఆకాశానికి వేలు చూపిస్తున్నట్టు ఒక పెద్ద రాతి స్తంభం. దొంగలూ, వాళ్ల చేతికి చిక్కిన మార్షలూ ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. సూర్యుడు పైకొచ్చాడు. రాతి నీడ నేలమీద పడింది. అది కదిలింది. సాగింది. ముందుకు పరిగెత్తింది. పరిగెత్తి పరిగెత్తి, ఎదుటి కొండగోడలో ఒక సందును చూపించింది. ఆ సందులోంచి దూరి వెళ్తే బంగారు లోయ.

మా మామయ్య కుర్చీ అంచుకి జరిగి కూచున్నాడు. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉంది. పైన మీగడ కట్టింది. చూసుకోలేదు.

సరిగ్గా అక్కడ మా అమ్మాయి బొమ్మ ఆపేసింది.

"తాతయ్యా, ఇది తప్పు."

"ఏంటే తప్పు?"

"సూర్యుడు పైకొస్తుంటే నీడ పొట్టిదవ్వాలి. ఇక్కడ పొడుగవుతోందేంటి?"

మామయ్య క్షణం ఆలోచించాడు. "ఆ రాయికి ఆ మాత్రం మహిమ లేకపోతే అక్కడ బంగారం ఎందుకుంటుందే?" అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడితో పోయేదే. కాసేపటికి కొండలు కూలే సీనొచ్చింది. ఈ పిల్ల మళ్లీ మొదలెట్టింది. "ఇవి బొమ్మ కొండలు తాతయ్యా, తెలిసిపోతోంది. దీన్నా నువ్వు ఏడుసార్లు చూసింది?" అంది.

మామయ్య మాట్లాడలేదు. చల్లారిన కాఫీ అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఇద్దరిలో ఎవరిది ఒప్పు? ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే. ఒక పాత సినిమా గురించి ఎవరైనా బాగుందనో, బాలేదనో చెప్పారనుకోండి. వెంటనే వాదన పెట్టుకోకండి. ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఎక్కడ చూశారు? ఎన్నేళ్లప్పుడు చూశారు? ఈ రెండే. ఎక్కడ, ఎన్నేళ్లప్పుడు.

ముందు ఆ సినిమా సంగతి కొంచెం చెప్తాను. చూడనివాళ్ల కోసం. చూసినవాళ్లు ఎలాగూ నాతోపాటు సీన్లు చెప్పుకుంటూ ఉంటారు.

ఇది 1969లో వచ్చింది. దర్శకుడు జె. లీ థాంప్సన్. రచన కార్ల్ ఫోర్‌మన్. నిర్మాతల్లో కూడా ఆయన ఒకడు. వీళ్లిద్దరూ అంతకు ఎనిమిదేళ్ల ముందు గన్స్ ఆఫ్ నవరోన్ తీసినవాళ్లు. అందులోనూ గ్రెగరీ పెక్కే, ఇందులోనూ గ్రెగరీ పెక్కే. ఇక్కడ ఆయన మెకన్నా అనే మార్షల్. ఎడారిలో ఒంటరిగా పోతుంటే అపాచీ అనే ఆదివాసీ తెగకి చెందిన ఒక ముసలాయన ఆయనమీద కాల్పులు జరుపుతాడు. ఈయన తిరిగి కాలుస్తాడు. ముసలాయన కన్నుమూస్తాడు. ఆయన దగ్గర ఒక పటం ఉంటుంది. బంగారు లోయకి దారి. మెకన్నాకి ఆ కథలమీద నమ్మకం లేదు. పటాన్ని మంటలో పడేస్తాడు. కానీ అప్పటికే అది కళ్లతో చూసేశాడు. ఇక పటం అంటే ఆయన బుర్రే. కొలరాడో అనే దొంగ వచ్చి ఆ బుర్రని పట్టుకుపోతాడు. ఒమర్ షరీఫ్ వేశాడు ఆ వేషం. ఈజిప్టు నటుడు. డాక్టర్ జివాగోలో అంత మెత్తగా కనిపించిన మనిషి ఇక్కడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు.

కథ పుట్టింది విల్ హెన్రీ రాసిన నవలలోంచి. ఆ నవల వెనక ఒక జానపద గాథ ఉంది. అమెరికాలో న్యూమెక్సికో ప్రాంతంలో దాన్ని ఆడమ్స్ పోగొట్టుకున్న గని అంటారు. 1860ల్లో ఆడమ్స్ అనే బండివాడు ఒక లోయలో బంగారం చూశాడట. అపాచీలు తరిమేశారట. మళ్లీ ఎంత వెతికినా ఆ లోయ కనపడలేదట. మన ఊళ్లలో పాడుబడ్డ కోట దగ్గర లంకెబిందెలున్నాయని చెప్పుకోమూ? అర్ధరాత్రి ఎవరో తవ్వారని, పాము అడ్డొచ్చిందని చెప్పుకోమూ? అదే కథ. ఊరు మారింది. పాము బదులు అపాచీల దేవతలు.

సినిమాలో ఆ ఆడమ్స్‌గా ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ వస్తాడు. అప్పటికి ముసలివాడు. కథలో గుడ్డివాడు. బంగారం చూశాడని అపాచీలు కళ్లు పొడిచేశారు. ఆ మనిషి కూచుని, తాను చూసిన బంగారాన్ని వర్ణిస్తాడు. తెరమీద బంగారం లేదు. ఒక ముసలి మొహం, చూపులేని రెండు కళ్లు. అంతే. నన్నడిగితే ఈ సినిమాలో అసలు బంగారం ఆ కొన్ని నిమిషాలే. తర్వాత నిజంగా చూపించిన పసుపు గోడ దీని ముందు దిగదుడుపు.

సరే, మామయ్య దగ్గరికి వద్దాం. ఆ సాయంత్రం పెరట్లో ఆయన పక్కన కూచున్నాను. సినిమా బాగుందా బాలేదా అని అడగలేదు. ఎక్కడ చూశావు మామయ్యా అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్న చాలింది. ఆయన గంటసేపు చెప్పాడు.

డెబ్బైల్లో మాట. ఆయనకి ఇరవై దాటాయి. తెనాలి పక్క పల్లె. పొద్దున్నే చద్దన్నం తిని, రైలెక్కి, గుంటూరు వెళ్లాడు. మార్నింగ్ షో. ఇంగ్లీషు సినిమాలు అప్పట్లో ఎక్కువగా మార్నింగ్ షోలే. నేల టికెట్. ఫ్యాన్లు పేరుకే తిరిగేవి. ఇంగ్లీషు ఎవరికీ రాదు. వరసకి ఒక్కడుంటాడు, డిగ్రీ చదివినవాడు. వాడు గట్టిగా తెలుగులో చెప్తుంటాడు. వాడికీ సగమే అర్థమవుతుంది. మిగతా సగం వాడే కల్పిస్తాడు. "ఒరేయ్, వాడు బంగారంలో సగం ఇస్తానంటున్నాడ్రా!" తెరమీద ఆ మాట ఉందో లేదో దేవుడికెరుక.

ఆ హాల్లోనే నీడ కదిలింది. నాలుగు వందలమంది ఒక్కసారి నోరు మూసుకున్నారు. సోడా కొట్టేవాడు కూడా గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నీడ సందు దగ్గరికి చేరగానే ఈలలు. తర్వాత బంగారు లోయ. తెరంతా పసుపు. ఆ వెలుగు ముందు వరసలమీద పడింది. మామయ్య చెప్పిన ఒక మాట నాకు మనసులో ఉండిపోయింది. "మా అందరి మొహాలూ పసుపు రాసినట్టయిపోయాయిరా" అన్నాడు. నేల టికెట్టు వాళ్లకి ఆ రోజు దక్కిన బంగారం అదే.

ఇప్పుడు మా అమ్మాయి ఎక్కడ చూసింది? పద్నాలుగు అంగుళాల తెరమీద. పగలు. కిటికీ తెరిచి ఉంది. పక్కన మిక్సీ తిరుగుతోంది. చేతి కింద ఆపే మీట ఉంది. ఆపి చూస్తే ఏ కొండైనా బొమ్మ కొండే. ఇద్దరూ చూసిన సినిమాకి పేరొక్కటే.

అందుకే అంటున్నాను. ఎక్కడ చూశారు అని అడగండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఎక్కడ అంటే హాలు మాత్రమే కాదు. ఏ దేశంలో, ఏ సినిమాలమధ్య అని కూడా. ఈ సినిమా సొంతగడ్డమీద ఆడలేదు. అమెరికాలో విమర్శకులు తూర్పారబట్టారు. జనం కూడా పెద్దగా పట్టించుకోలేదు. అదే సినిమా మన దేశంలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆడింది. సోవియట్ యూనియన్‌లో అయితే ఆరు కోట్లకు పైగా టికెట్లు తెగాయని లెక్క. మొదట్లో రాబందు ఎగురుతుంటే వచ్చే పాట ఉంది చూడండి, హోసే ఫెలిసియానో పాడింది. దాన్ని అక్కడ రష్యన్‌లో పాడించారు. వాలెరి ఒబోద్‌జిన్‌స్కీ అనే గాయకుడు పాడాడు. రష్యాలో ఆ పాట సినిమాతో పాటు జనం నోళ్లలో నానింది.

ఎందుకిలా? అమెరికావాళ్లకి తెలివెక్కువై కాదు, మనకి తక్కువై కాదు. భోజనం సంగతి చూడండి. పెళ్లి విందు తిన్నవాడి ముందు పెసరట్టు పెట్టండి. అంచులు మాడాయంటాడు. అల్లం చాల్లేదంటాడు. అదే పెసరట్టు పొలం నుంచి వచ్చినవాడికి పెట్టండి. ఆకలి రుచెరగదు అన్నారు. అమెరికాలో అప్పటికి ఇరవై ఏళ్లుగా ప్రతి ఇంటి టీవీలోనూ రాత్రైతే గుర్రాలూ తుపాకులే. ఆ 1969లోనే బుచ్ కాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్ వచ్చింది, వైల్డ్ బంచ్ వచ్చింది. కొత్తరకం కౌబాయ్ సినిమాలు. వాటి పక్కన ఇది పాత వంటకం. మాస్కోలో కౌబాయ్ సినిమా అంటే ఎప్పుడో దొరికే పండు. మనకి కూడా దాదాపు అంతే.

ఇక రెండో ప్రశ్న. ఎన్నేళ్లప్పుడు చూశారు?

దీనికి నేనే సాక్షిని. నేను ఈ సినిమాని పదేళ్లప్పుడు చూశాను. మళ్లీ వేసినప్పుడు. ఇదే మామయ్య తీసుకెళ్లాడు. నాకు బంగారం గుర్తులేదు. రాబందు గుర్తుంది. రెక్కలు కదపకుండా లోయమీద తిరిగే ఆ రాబందు. రాత్రి డాబామీద పడుకుంటే పైనుంచి అది చూస్తున్నట్టే ఉండేది. తాళ్ల వంతెన మీద నడిచే సీను గుర్తుంది. అప్పుడు మామయ్య చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకున్నాను. ఒక కొలను సీను కూడా ఉంది. అక్కడ మామయ్య నా కళ్లు మూశాడు. ఎందుకు మూశాడో చాలా ఏళ్లకి టీవీలో చూస్తే తెలిసింది.

నలభై దాటాక మళ్లీ చూశాను. రాబందు భయపెట్టలేదు. వంతెన దగ్గర వెనక వేసిన తెర కనిపించింది. మధ్యలో నది, తెప్ప, వెంటపడే సైనికులు. అదంతా సాగదీతలా అనిపించింది. పెద్దపెద్ద నటులు వస్తారు. ఇలై వాలక్, ఆంథొనీ క్వేల్, లీ జె. కాబ్. అలా వచ్చి ఇలా పోతారు. ఏమిటిది, పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి వెళ్లిపోయే చుట్టాల్లాగా అనుకున్నాను. తర్వాత తెలిసింది. మొదట ఇది దాదాపు మూడు గంటల సినిమా అట. విడుదలకి ముందు కోసి కోసి రెండు గంటల ఎనిమిది నిమిషాలకి తెచ్చారు. చుట్టాల వేషాలు కత్తెరకి పోయాయి. దాంతో అతుకులు కనిపిస్తాయి. పదేళ్ల పిల్లాడికి అతుకులు కనపడవు. రాబందు కనపడుతుంది.

చూసింది నేనే. సినిమా కూడా అదే. అభిప్రాయాలు రెండు. దేన్ని కొట్టేయమంటారు?

ఆవకాయ సంగతి ఆలోచించండి. మూడో రోజు తిన్నవాడు ఘాటంటాడు. దసరాకి తిన్నవాడు అమృతమంటాడు. మళ్లీ మామిడికాయ వచ్చేనాటికి తిన్నవాడు ముక్క మెత్తబడిందంటాడు. ముగ్గురూ అబద్ధమాడలేదు. జాడీ ఒక్కటే. ఆవకాయ ఎలా ఉందని ఎవరైనా చెప్తే, ఏ నెలలో తిన్నావు అని అడగాలా వద్దా? సినిమాకీ అంతే. ఎన్నేళ్లప్పుడు చూశారు అని అడగండి.

అయితే ఒక చిక్కుంది. ఎవరి అభిప్రాయం వాళ్లదే, అందరూ ఒప్పే అని నేను చెప్పడం లేదు. అలా చెప్తే మాట్లాడుకోవడమే అనవసరం. కొన్ని సంగతుల్లో ఒకరు ఒప్పు, ఒకరు తప్పు. ఆ నీడ విషయమే తీసుకోండి. మా అమ్మాయి మర్నాడు పొద్దున పెరట్లో రెండడుగుల కర్ర పాతింది. తులసికోట పక్కన. మామయ్యని లాక్కొచ్చి కూచోబెట్టింది. ఆరున్నరకి నీడ పదడుగులు దాటింది. గోడెక్కింది. ఏడుముప్పావుకి దాదాపు నాలుగడుగులు. తొమ్మిదింటికి కర్ర ఎంతో నీడా అంత. సుద్దముక్కతో గీతలు గీసింది. నీడ వెనక్కే వచ్చింది గానీ ముందుకు వెళ్లలేదు. మామయ్య గీతలు చూశాడు. "సరేనే, ఓడిపోయాను" అన్నాడు. రైతు బిడ్డ ఆయన. నీడ చూసి పొద్దు చెప్పగలిగిన మనిషి. మరి హాల్లో ఏడుసార్లు ఎందుకు కనపడలేదు? కనపడనివ్వలేదు దర్శకుడు. అది ఆయన గెలుపు. నీడ తప్పు కూడా ఆయనదే. రెండూ ఆయన ఖాతాలోనే రాయాలి.

ఇంకో తప్పు ఉంది. అది నీడకంటే పెద్దది. అపాచీల వేషాలు. హచీటా అనే యోధుడి వేషం టెడ్ క్యాసిడీది. హెష్కే అనే అమ్మాయి వేషం జూలీ న్యూమర్‌ది. ఇద్దరూ తెల్లవాళ్లే. రంగు పూసి నిలబెట్టారు. ఆ నేల వాళ్లది, ఆ బంగారం వాళ్లది, కథలో దొంగచూపులు వాళ్లవి. మామయ్యకి ఇరవై ఏళ్లప్పుడు ఇది తట్టలేదు. నాకు నలభైకి తట్టింది. మా అమ్మాయి మొదటి పావుగంటలోనే అడిగింది. ఈ విషయంలో ఆ పిల్లే మా ఇద్దరికంటే ముందుంది. ఒప్పుకుంటున్నాను.

ఒక చిన్న పిట్టకథ. 1967లో ఈ సినిమా ఎడారిలో తీస్తుండగా కార్ల్ ఫోర్‌మన్ నలుగురు సినిమా విద్యార్థుల్ని పిలిపించాడు. షూటింగ్ చూసి తలా ఒక చిన్న చిత్రం తియ్యమన్నాడు. ముగ్గురు షూటింగునే తీశారు. నాలుగో కుర్రాడు షూటింగుని దూరంగా చీమలబారులా పెట్టి, ఎడారిని తీశాడు. మబ్బులు, గడ్డి, ఎండ. ఆ కుర్రాడు జార్జ్ లూకాస్. పద్నాలుగేళ్ల తర్వాత ఆయన కథతో నిధివేట సినిమా ఒకటి వచ్చింది. రెయిడర్స్ ఆఫ్ ద లాస్ట్ ఆర్క్. అందులో ఒక గది ఉంటుంది. సూర్యకిరణం ఒక కర్ర కొసన ఉన్న బిళ్లలోంచి దూరి నిధి జాడ చూపిస్తుంది. ఆ సీను చూసినప్పుడల్లా నాకు మన రాతి నీడే గుర్తొస్తుంది.

మన దగ్గరా ఆ గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది. 1971లో మోసగాళ్లకు మోసగాడు వచ్చింది. కృష్ణగారు హీరో. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు. రాసింది ఆరుద్ర. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారికి వెళ్లి తీశారు. నిధి కోసం పరుగు, టోపీలు, తుపాకులు. తెలుగు మాట్లాడే కౌబాయ్ అప్పుడే పుట్టాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ట్రెజర్ హంట్ అని పేరు పెట్టారు. 2023 మే 31న, కృష్ణగారి పుట్టినరోజుకి, కొత్త ప్రింటుతో మళ్లీ విడుదల చేశారు. మా ఊరి హాలుకి నేనూ వెళ్లాను. ముందు వరసల్లో కుర్రాళ్లు. కాగితాలు చించి ఎగరేస్తున్నారు. నా పక్కన ఒక పెద్దాయన. పంచె, చేతికర్ర. ఆయన కాగితాలు ఎగరెయ్యలేదు. పాట వచ్చినప్పుడల్లా కర్రతో నేలమీద తాళం వేశాడు. ఇంటర్వెల్లో ఒక కుర్రాడు ఆయన్ని అడిగాడు. "తాతా, అప్పుడు ఏ హాల్లో చూశారు?" అని. చూశారా, నేను చెప్తున్న ప్రశ్న ఆ కుర్రాడికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ఇంటర్వెల్ అయిపోయినా ఆ కుర్రాడు తన సీటుకి వెళ్లలేదు.

మళ్లీ మా ఇంటికి వస్తాను. ఆ కర్ర పాతిన రోజు సాయంత్రం ఇద్దరూ మిగిలిన సినిమా పూర్తి చేశారు. ఈసారి లైట్లు ఆపారు. కిటికీ మూశారు. నేనే మిక్సీ ఆపించాను. చివర్లో లోయ కూలిపోతుంది. బంగారం మట్టిలో కలిసిపోతుంది. మెకన్నా ప్రాణాలు దక్కించుకుని గుర్రమెక్కి వెళ్లిపోతాడు. ఆయన ఎక్కిన గుర్రం జీనుసంచుల్లో ఎవరో కుక్కిన బంగారం ఉంటుంది. ఆ సంగతి ఆయనకి తెలియదు. మనకి చూపిస్తారు.

మా అమ్మాయి అక్కడ బొమ్మ ఆపలేదు. "అయ్యో, వెనక్కి చూడవేం!" అంది తెరతో. మామయ్య నా వైపు చూసి కన్ను కొట్టాడు.

శ్రోతలారా, నా సమయం అయిపోవస్తోంది. ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే, వాళ్లకి బాగా ఇష్టమైన పాత సినిమా పేరు అడగండి. బాగుంటుందా అని అడక్కండి. ఎక్కడ చూశారు అని అడగండి. ఎన్నేళ్లప్పుడు చూశారు అని అడగండి. తర్వాత లైట్లు ఆపి, వాళ్లతో కలిసి ఆ సినిమా చూడండి. మధ్యలో ఆపకండి. తప్పులు కనపడితే గుర్తుపెట్టుకుని, అయిపోయాక చెప్పండి. కాఫీ మాత్రం ముందే తాగేయమనండి.